బిల్లు చేతిలో ఉంటే సూపర్‌మార్కెట్ యజమానిని కనుక్కోవడం ఎట్లా

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనో, అనంతపురం సుభాష్ రోడ్డులోనో, కడప ఏడురోడ్ల దగ్గరో ఒక సూపర్‌మార్కెట్ బోర్డు మారిందనుకోండి. లోపల ర్యాకులు అవే, బిల్లు కొట్టే అమ్మాయి ఆమే, కందిపప్పు ధర కూడా అదే. మారిందేమిటి? కంపెనీ మొత్తం అమ్ముడుపోయి ఉండొచ్చు. ఫ్రాంచైజీ ఒప్పందం ముగిసి ఉండొచ్చు. బిల్డింగు లీజు ఇంకొకరి చేతికి పోయి ఉండొచ్చు. అన్నదమ్ములు భాగాలు పంచుకుని ఉండొచ్చు. ఈ నాలుగూ వేరు వేరు సంగతులు, వాటి కాగితాలు ఉండే చోట్లూ వేరు.

అందుకే "ఈ అంగడి ఎవరిది?" అని ఒక్క ప్రశ్నతో బయల్దేరితే తేలదు. నాలుగుగా విడగొట్టుకోండి: బోర్డు మీది పేరు ఎవరిది, బిల్లు ఎవరి పేరున వస్తోంది, ఆ బిల్లు సంస్థలో వాటాలు ఎవరివి, బిల్డింగు ఎవరి స్వాధీనంలో ఉంది. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి, దొరికిన ప్రతి సమాచారం పక్కన అది ఏ తేదీ నాటిదో రాసుకోండి. తేదీ లేని సమాచారం ఈ పనిలో ఎందుకూ పనికిరాదు.

బిల్లుతో మొదలు

ముందుగా బిల్లుకు ఫోటో తీయండి. థర్మల్ కాగితం ఎండకు, చేతి చెమటకు రెండు నెలల్లో తెల్లబోతుంది. మన ఎండాకాలంలో అయితే బండి డిక్కీలో పెట్టిన బిల్లు వారం నిలిచినా గొప్పే.

బిల్లు పైనో, అడుగునో 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. తర్వాతి పది అక్షరాలూ యజమాని పాన్ నంబరే. 13వది, అదే పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. 14వది మామూలుగా జడ్. చివరిది తప్పొప్పులు సరిచూసే అక్షరం.

అసలు కీలకం 6వ అక్షరంలో ఉంది. అది పాన్‌లో నాలుగోది. అక్కడ సీ ఉంటే కంపెనీ. పీ ఉంటే ఒక వ్యక్తి సొంత వ్యాపారం. ఎఫ్ ఉంటే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యం. హెచ్ ఉంటే హిందూ అవిభక్త కుటుంబం. అంటే ఇంకా ఏ వెబ్‌సైటూ తెరవకముందే, కౌంటరు దగ్గర నిలబడే, ఇది కార్పొరేట్ అంగడా, శెట్టిగారి కుటుంబ వ్యాపారమా అనేది సగం తెలిసిపోతుంది. మన మూడు ఊళ్లలోనూ పెద్ద గాజు తలుపులూ ఏసీలూ ఉన్న అంగళ్లకు కూడా ఈ స్థానంలో పీ, ఎఫ్ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

జీఎస్టీ పోర్టల్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" కింద ఆ నంబరు కొడితే లాగిన్ లేకుండానే చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, సంస్థ తరహా, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రధాన కార్యాలయం చిరునామా, నంబరు ఇప్పుడు చెల్లుతోందో రద్దయిందో కనిపిస్తాయి. అదే చోట పాన్‌తో వెతికితే ఆ యజమానికి ఏయే రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు ఉన్నాయో మొత్తం జాబితా వస్తుంది. పేరుతో మాత్రం వెతకలేరు, అందుకే బిల్లు తప్పనిసరి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. రిజిస్ట్రేషన్ తేదీ 01/07/2017 అని కనిపిస్తే అంగడి అప్పుడే పుట్టిందని రాసేస్తారు. దేశంలో జీఎస్టీ మొదలైన రోజది. అంతకుముందు వ్యాట్, అంటే పాత అమ్మకపు పన్ను, కట్టిన వ్యాపారాలకు మామూలుగా అదే తేదీ పడింది. ఆ తేదీ అర్థం "2017 జూలై కంటే ముందునుంచే ఉండొచ్చు" అని మాత్రమే.

ఒక్క బిల్లుతో ఆగొద్దు. ఒకే పేరున్న బ్రాంచీలు కర్నూలు, అనంతపురం, కడపల్లో ఉంటే మూడు ఊళ్ల బిల్లులూ తెప్పించండి. మూడింటి మీదా ఒకే నంబరు ఉంటే ఒకే యజమాని. 13వ అక్షరం, దాంతోపాటు చివరి సరిచూసే అక్షరం మాత్రమే తేడా అయితే యజమాని ఒకరే, రిజిస్ట్రేషన్లు వేరు. మధ్యలోని పాన్ భాగమే వేరయితే బోర్డు ఒకటే గానీ యజమానులు వేరు: ఫ్రాంచైజీ, లేదా భాగాలు పంచుకున్న కుటుంబం, లేదా అదే గ్రూపువాళ్లు పెట్టిన ఇంకో కంపెనీ. గుంతకల్లు, రాయదుర్గం వైపు వాళ్లకు బళ్లారి బ్రాంచి బిల్లు కూడా దొరుకుతుంది. అది 29తో మొదలవుతుంది, చూడాల్సింది ఆ తర్వాతి పదక్షరాలు. కర్నూలు వాళ్లు తుంగభద్ర దాటితే 36 వస్తుంది, అదీ అంతే.

బిల్లు మీద పన్ను విడిగా చూపకుండా "కాంపోజిషన్" అన్న మాట ఉంటే అది చిన్న వ్యాపారి పథకం కింద ఉన్న అంగడి. పెద్ద చెయిన్‌కు ఆ వీలు లేదు. చెయిన్ బోర్డు కింద కాంపోజిషన్ బిల్లు వస్తే, నడుపుతున్నది స్థానిక ఫ్రాంచైజీదారు అనుకోవచ్చు.

అదే బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా చూడండి. 2022 జనవరి నుంచి ఆహార వ్యాపారులు దాన్ని బిల్లు మీద వేయాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. నాలుగు, అయిదు అంకెలు అది ఇచ్చిన సంవత్సరం. ఆ సంస్థ లైసెన్సుల పోర్టల్ ఫోస్కోస్‌లో ఈ నంబరు కొడితే వచ్చే పేరు జీఎస్టీ పేరుతో కలవాలి. కలవకపోతే యాజమాన్యం ఈమధ్యే మారిందని, ఒక కాగితం ముందూ ఇంకోటి వెనకా నడుస్తున్నాయని అనుమానించండి.

6వ అక్షరం సీ అయితే

కంపెనీల శాఖ పోర్టల్‌లో, అంటే ఎంసీఏలో, ఆ పేరు వెతికితే 21 అక్షరాల సిన్, అంటే కంపెనీ గుర్తింపు నంబరు, వస్తుంది. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్‌ది ఇట్లా ఉంటుంది: ఎల్ 51900 ఎంహెచ్ 2000 పీఎల్‌సీ 126473. ఎల్ అంటే షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, కాకపోతే యూ. అయిదంకెలు వ్యాపార రకం. ఎంహెచ్ మహారాష్ట్ర. 2000 పుట్టిన ఏడాది. పీఎల్‌సీ పబ్లిక్ లిమిటెడ్, ప్రైవేటుదైతే పీటీసీ. చివరి ఆరూ రిజిస్టరు వరుస సంఖ్య.

కంపెనీ పుట్టిన ఏడాదీ, అంగడి తెరిచిన ఏడాదీ ఒకటి కావు. ఈ కంపెనీ 2000లో పుడితే మొదటి డీమార్ట్ ముంబై పవయీలో 2002లో తెరుచుకుంది. షేర్ మార్కెట్‌లోకి వచ్చింది 2017 మార్చిలో. మూడు తేదీలూ మూడు వేరు గడుల్లోకి పోవాలి. రాష్ట్రం అక్షరాల్లోనూ ఒక మెలిక ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ చిరునామాతో ఏపీ అని నమోదైన కంపెనీలకు విభజన తర్వాత తెలంగాణ అక్షరాలు వచ్చాయి. అదే కంపెనీ పాత కాగితంలో ఒక సిన్, కొత్తదాంట్లో ఇంకో సిన్ కనిపిస్తే రెండు కంపెనీలు అనుకోవద్దు. చివరి ఆరంకెలు కలిస్తే ఒకటే.

ఎంసీఏలో కంపెనీ మాస్టర్ డేటా పేజీలో డైరెక్టర్లు, రిజిస్టర్డ్ ఆఫీసు, బ్యాంకు తాకట్లు కనిపిస్తాయి. డైరెక్టర్ అంటే యజమాని అనుకోవడం రెండో పెద్ద పొరపాటు. జీతానికి కూర్చున్న మేనేజరు కూడా డైరెక్టర్ కావొచ్చు. వాటాలు తెలియాలంటే కంపెనీ దాఖలు చేసిన పత్రాలు తెరవాలి. దీనికి ఒక్కో కంపెనీకి 100 రూపాయల ఫీజు. కట్టాక చూసేందుకు గడువు ఉంటుంది కాబట్టి, కూర్చునే ముందే కావలసిన ఫారాల జాబితా రాసుకోండి. నెట్ నిదానంగా ఉండే సాయంత్రం పూట ఈ పని పెట్టుకోవద్దు.

ముందు తెరవాల్సింది ఎంజీటీ-7, అంటే వార్షిక రిటర్ను. చిన్న కంపెనీకి ఎంజీటీ-7ఏ. దాని జోడింపుల్లో వాటాదారుల జాబితా ఉంటుంది, ఫారంలోనే మాతృసంస్థ పేరూ ఉంటుంది. వాటాదారు ఇంకో కంపెనీ అయితే, ఆ కంపెనీ ఎంజీటీ-7 తెరవండి. ఇట్లా మనిషి పేరు వచ్చేదాకా, లేదా లిస్టయిన కంపెనీ వచ్చేదాకా పైకి పోవాలి. తర్వాత పీఏఎస్-3లో కొత్త వాటాలు ఎవరికి ఎంత ధరకు ఇచ్చారో, డీఐఆర్-12లో డైరెక్టర్లు ఎప్పుడు మారారో, బీఈఎన్-2లో తెర వెనక 10 శాతం లేదా అంతకు మించి లబ్ధి ఉన్న వ్యక్తి ఎవరో ఉంటుంది. అమ్మకం జరిగిన తేదీ పట్టుకోవడానికి డీఐఆర్-12 చక్కటి ఆనవాలు: పాత కుటుంబ సభ్యులంతా ఒకే రోజు రాజీనామా చేసి, అదే రోజు కొత్త పేర్లు ఎక్కితే అమ్మకం ఆ చుట్టుపక్కలే జరిగినట్టు.

ఎంజీటీ-7 సమాచారం మార్చి 31 నాటిది, కానీ దాఖలయ్యేది మామూలుగా నవంబరు దాకా. మే నెలలో జరిగిన అమ్మకం అందులో కనిపించాలంటే ఏడాదిన్నర ఆగాలి. లిస్టయిన కంపెనీలకు ఈ బాధ లేదు, మూడు నెలలకోసారి వాటాల పట్టిక బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఉచితంగా పెడతారు. ప్రమోటర్ల పేర్లతో పాటు 1 శాతం మించిన ఇతర వాటాదారుల పేర్లూ ఉంటాయి.

కంపెనీ కాకపోతే

ఎఫ్ వచ్చి ఎల్ఎల్‌పీ అయితే అదీ ఎంసీఏలోనే దొరుకుతుంది. మామూలు భాగస్వామ్య సంస్థ అయితే జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలోని ఫర్మ్స్ రిజిస్టరు చూడాలి. ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. అయితే 1932 చట్టం ప్రకారం ఫర్మ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి రిజిస్టరులో లేకపోవడం తప్పేమీ కాదు. పీ, హెచ్ అయితే జీఎస్టీ పోర్టల్‌లోని పేరే ఆఖరు. అంతకు మించి తవ్వితే అది ఒకరి ఇంటి విషయం. డైరెక్టర్లదైనా సరే, ఇంటి చిరునామాలు మీ నోటుపుస్తకం దాటకూడదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నంద్యాల ఫర్మ్ పాత కాగితం కర్నూలు జిల్లా పేరున, హిందూపురానిది అనంతపురం పేరున ఉంటుంది. ఎక్కడ వెతకాలో ముందే అడిగి వెళ్తే ఒక రోజు బస్సు ఛార్జీ మిగులుతుంది.

బోర్డు పేరు

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో 35వ తరగతి కింద పేరు వెతకండి. రిటైల్ సేవలు అందులోకే వస్తాయి. అక్కడి యజమాని పేరూ, బిల్లు మీది పేరూ వేరయితే బోర్డు అద్దెదో, అన్నదమ్ముల్లో ఒకరి చేతిలో ఉన్నదో. "ఫలానా తేదీ నుంచి వాడుతున్నాం" అన్న గడి చరిత్ర రాసేవాళ్లకు ఆశ పుట్టిస్తుంది. అది దరఖాస్తుదారు చెప్పుకున్న మాట, రుజువు కాదు. పక్కన పాత బిల్లో పత్రికా ప్రకటనో లేనిదే వాడొద్దు.

సొంత బ్రాండు ప్యాకెట్లు కూడా తిప్పి చూడండి. "మార్కెటెడ్ బై", "ప్యాక్డ్ బై" అన్న చోట కంపెనీ పేరు, చిరునామా చట్టరీత్యా ఉండాలి. చెయిన్ పేరుతో అమ్మే సోనా బియ్యమో పసుపో ఎవరు ప్యాక్ చేస్తున్నారో దీంతో తెలుస్తుంది. బార్‌కోడ్ 890తో మొదలైందని సరకుగానీ యజమానిగానీ భారతీయం అని తేల్చొద్దు. ఆ నంబరు మన దేశపు సంస్థ దగ్గర తీసుకున్నారని మాత్రమే దాని అర్థం.

బిల్డింగు

దీన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయాలి, కాబట్టి ఆ స్థలానికి ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే, ఆస్తి లావాదేవీల పత్రం) తీస్తే లీజు ఎవరి పేరున, ఏ తేదీన, ఎన్నేళ్లకు అన్నది వస్తుంది. ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి వెతకండి. ఊరు పెరిగిన చోట రెండింటిలో ఒకదానిలోనే కనిపించే దస్తావేజులు ఉంటాయి. రిజిస్టరు చేయని పదకొండు నెలల అద్దె కాగితం మీద నడిచే అంగడి మాత్రం ఈసీలో కనబడదు.

లీజు ఎంత బలమైనదో ఫ్యూచర్ గ్రూపు కథ చెబుతుంది. కిశోర్ బియానీ 2001లో మొదలుపెట్టిన బిగ్ బజార్‌ను, మిగతా వ్యాపారాలతో కలిపి 24,713 కోట్లకు కొంటామని రిలయన్స్ 2020 ఆగస్టులో ప్రకటించింది. 2019లో అదే గ్రూపులోని ఫ్యూచర్ కూపన్స్‌లో పెట్టుబడి పెట్టిన అమెజాన్ అడ్డుపడి సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పుకు), మన సుప్రీంకోర్టు దాకా పోయింది. వాటాల తగాదా అట్లా నడుస్తుండగానే, అద్దె బకాయిలు పడ్డ చాలా అంగళ్ల లీజులు రిలయన్స్ పేరుకు మారాయి. 2022 ఫిబ్రవరిలో వాటిని అది తన చేతిలోకి తీసుకుంది. అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోక ఏప్రిల్‌లో అసలు ఒప్పందమే రద్దయింది. బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2022 జూలైలో దివాలా ప్రక్రియలోకి, 2024లో లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశలోకి, వెళ్లింది. కంపెనీ కొనలేకపోయారు, అంగళ్లు మాత్రం వచ్చేశాయి. "రిలయన్స్ బిగ్ బజార్‌ను కొన్నది" అని రాసినవాళ్లంతా నాలుగో గడి చూడనివాళ్లే.

చేయి తిరగడానికి రెండు చెయిన్లు

త్రినేత్ర 1980ల్లో హైదరాబాద్‌లో పుట్టింది. 2006-07లో ఆదిత్య బిర్లా గ్రూప్ కొన్నది, 2007 నుంచి మోర్ అన్న పేరు వచ్చింది. 2018లో బిర్లాలు దాన్ని విట్జిగ్ అడ్వైజరీ సర్వీసెస్‌కు అమ్మారు. ఈ పేరు ఏ బోర్డు మీదా కనబడదు, ఎంజీటీ-7లోనే కనబడుతుంది. విట్జిగ్‌లో సమారా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ వాటా 51 శాతం, అమెజాన్‌ది 49. ఆ 49 ఎందుకంటే, అన్ని బ్రాండ్లూ అమ్మే అంగళ్లలో విదేశీ వాటాను 2012 నుంచి 51 శాతం దాకా అనుమతించినా, దానికి పెద్ద షరతులూ రాష్ట్రాల సమ్మతీ కావాలి. భారతీయుల యాజమాన్యంలో, ఆధీనంలో ఉన్న సంస్థ ద్వారా వచ్చే పెట్టుబడిని విదేశీ పెట్టుబడిగా లెక్కించరు. కాబట్టి ఎక్కడైనా 49, 51 అంకెలు పక్కపక్కన కనిపిస్తే పైన ఇంకో అంతస్తు ఉందని వెతకండి.

రెండోది హెరిటేజ్ ఫ్రెష్. 1992లో చంద్రబాబునాయుడు స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ తర్వాత తెరిచిన అంగళ్లివి. 2016 నవంబరులో 124 అంగళ్ల ఈ వ్యాపారాన్ని ఫ్యూచర్ రిటైల్‌కు ఇస్తున్నట్టు ప్రకటించారు. డబ్బు కాదు, బదులుగా ఫ్యూచర్ రిటైల్‌లో 3.65 శాతం వాటా. ఇట్లాంటి బదలాయింపులు ట్రిబ్యునల్ ఆమోదించిన స్కీమ్‌గా జరుగుతాయి, ఆ ఉత్తర్వు ఎంసీఏలో ఐఎన్‌సీ-28 కింద ఉంటుంది. పాల కంపెనీ మాత్రం ఎటూ పోలేదు. హెరిటేజ్ పాల ప్యాకెట్ చూసి అంగళ్లూ వాళ్లవేనని అనుకోవడం ఇందుకే తప్పవుతుంది.

పాత సంచికి వయసు కట్టడం

ఇంట్లో అటక మీది క్యారీబ్యాగులు, బిల్లు పుస్తకాలు పడేయకండి. 11 అంకెల టిన్ (వ్యాట్ రిజిస్ట్రేషన్) నంబరు ఉంటే అది 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చాక, 2017 జూలైకి ముందుది. ఆ టిన్ 28తో మొదలైతే ఉమ్మడి రాష్ట్రం నాటి నంబరు, 37 అయితే విభజన తర్వాతది. 15 అక్షరాల నంబరు ఉంటే జీఎస్టీ కాలం. కడపను ఇంగ్లిష్‌లో పాత దొరల స్పెల్లింగుతో, రెండు డీలతో రాసి ఉంటే సుమారు 2005కు ముందుది. దుకాణదారులు పాత అచ్చు సంచులు అయిపోయేదాకా వాడతారు గనుక ఒకటి రెండేళ్లు అటూ ఇటూ పట్టుకోండి.

అరువు మీద సరకు వేసేవాళ్లకు

వేరుశెనగ నూనె, బియ్యం, పసుపు వేసే మిల్లర్లకు ఈ తవ్వకం చరిత్ర కోసం కాదు, డబ్బు కోసం. మొదటి లోడు దింపకముందే పర్చేజ్ ఆర్డరు మీది పేరు, జీఎస్టీ నంబరు బోర్డు మీది చెయిన్‌వా, ఫ్రాంచైజీదారువా చూసుకోండి. ఫ్రాంచైజీదారు ఎగ్గొడితే పైకంపెనీ బాధ్యత తీసుకోదు. కంపెనీ అయితే ఎంసీఏలో ఎంఎస్ఎంఈ ఫారం-1 తెరవండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటినా కట్టని బకాయిలను కంపెనీలు ఆరు నెలలకోసారి అందులో చూపాలి. అక్టోబరు 31కి ఒకటి, ఏప్రిల్ 30కి ఒకటి గడువు. దాని పక్కనే కొత్త తాకట్ల ఫారం సీహెచ్‌జీ-1 తేదీలు చూడండి. బకాయిలు పెరుగుతూ, సరకు నిల్వల మీద కొత్త తాకట్లు వరుసగా పడుతుంటే, మీరు దింపిన సరకు మీద మొదటి హక్కు బ్యాంకుది. మీ ఉద్యమ్ (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) నంబరు ప్రతి ఇన్వాయిస్ మీదా వేయండి. అది లేకపోతే మీరు చిన్న సంస్థ అని వాళ్లకు తెలియలేదంటారు, మీ బకాయి ఆ ఫారంలోకే ఎక్కదు.